సంతకం అడిగిన ల్యాప్‌టాప్

బేరంలో అన్న మాటను వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు. వస్తువు పాడైనా ఒప్పుకుంటాం, మాట పాడైతే ఒప్పుకోం. ఈ గుణం వల్ల నాకు జరిగిన లాభాల గురించి చాలామందికి చెప్పుకున్నాను. నష్టం గురించి చెప్పడం ఇదే మొదలు.

నేను దుకాణాలకు లోపలి పని చేయించి ఇస్తాను. అరలు, కౌంటర్లు, గల్లాపెట్టె పెట్టే చోటు, అన్నీ ముందు కంప్యూటర్‌లో గీసి చూపిస్తాను. యజమాని సరేనన్నాక వడ్రంగుల చేత చేయిస్తాను. నా పాత ల్యాప్‌టాప్‌కు వయసు మీదపడింది. గీసిన దుకాణాన్ని తెర మీద తిప్పి చూపిద్దామంటే ఆగి ఆగి తిరిగేది. అందుకే సిద్దిపేటలో పాత ల్యాప్‌టాప్‌లు అమ్మే ఒకతని దగ్గరికి పోయాను. అతను నన్ను అక్కా అంటాడు. ధర మాత్రం పరాయివాళ్లకు చెప్పినట్టే చెబుతాడు.

అతను చూపించిన దాంట్లో గ్రాఫిక్స్ చిప్‌లు రెండున్నాయి. చిన్నది మామూలు పనులకు, కరెంటు తక్కువ తింటుంది. పెద్దది బరువైన బొమ్మలకు. పని ఉంటే లేవాలి, లేకుంటే పడుకోవాలి. నాకు కావలసింది సరిగ్గా అదే. ఆ సంగతి ముఖంలో కనబడనీయకుండా మూత మీది గీత చూపించాను, ఒక కీ మీద అక్షరం అరిగిందన్నాను. అతను కదల్లేదు. ఆఖరికి అసలు ఆయుధం తీశాను.

"ఇండ్ల విండోస్ ఏసినవ్ గదా. నాకద్దు. గది తీసేసి దాని పైసలు తగ్గియ్యి."

"విండోస్ లేకుంటె ఏం జేస్తవక్కా? అద్దం లెక్క మొఖం జూస్కుంటవా?"

"లినక్స్ ఏస్కుంట. గది ఫుకట్ల వస్తది, ఆరేండ్ల సంది గదే వాడుతున్న."

"రెండు చిప్‌లున్నదాంట్ల లినక్స్ సతాయిస్తది. మల్ల నా కాడికే వస్తవ్ సూడు."

"వస్తె అడుగు."

తగ్గించాడు. ఇంటికి నడిచి వచ్చానో ఊరేగి వచ్చానో నాకు గుర్తులేదు.

ఆ వారమే మిరుదొడ్డి నుంచి ఒక కిరాణా సేటు ఫోన్ చేశాడు. పాత దుకాణం పైకప్పు తీయించి కొత్తగా కట్టిస్తున్నాడు. లోపలి పని మొత్తం ఒక్కరికే ఇస్తాడట. అదే పనికి నగరం నుంచి ఒక కంపెనీ వాళ్లు కూడా వచ్చిపోతున్నారట. ఏడాదిలో నాకు వచ్చిన అన్ని పనుల కంటే అది పెద్దది.

"బొమ్మ జూపియ్యాలె బిడ్డా. నా జాగల నిలవడి జూస్త, ఏది ఏడ వస్తదో. కరెంటు మాత్రం లేదు, మీటరు తీపిచ్చిన."

"బ్యాటరీ మీద జూపిస్త సేటూ, నీకు ఇసుగొచ్చేదాంక."

మాట ముందు ఇచ్చి సరుకు తర్వాత వెతుక్కోవడం నాకు అలవాటే. ఇంట్లో లినక్స్ వేసి పరీక్షిస్తే బ్యాటరీ గంట కూడా నిలవలేదు. పోనీలే, పెద్ద చిప్ పనిచేస్తోంది కాబట్టి తింటోంది అనుకున్నాను. బొమ్మ తిప్పి చూస్తే పాతదాని లాగానే ఆగి ఆగి తిరిగింది. పనంతా చిన్న చిప్పే చేస్తోంది. పెద్దది లేవదు, సరిగ్గా పడుకోదు, ఊరికే కూర్చుని కరెంటు తాగుతోంది. మా నాన్నను బాపు అంటాం, ఆయన దుకాణంలో అలాంటి దూరపు చుట్టాలను చూశాను గానీ మిషన్‌లో ఉంటారని తెలియదు.

దాన్ని లేపాలన్నా పడుకోబెట్టాలన్నా దానితో మాట్లాడే ప్రోగ్రామ్ కావాలి. డ్రైవర్ అంటారు. వేశాను, అయిపోయిందంది. మిషన్ ఆపి మళ్లీ మొదలుపెట్టి చూస్తే డ్రైవర్ లేదంది. తీసి పాతది వేశాను, కొత్తది వేశాను. మొత్తం లినక్స్‌నే తుడిచి మళ్లీ వేశాను, అదీ మూడుసార్లు. సెక్యూర్ బూట్ ఆపేస్తే సరిపోతుందని ఇంటర్నెట్‌లో ఎవరో రాశారు. మిషన్ మొదలయ్యేటప్పుడు గుర్తు తెలియని ప్రోగ్రాములను లోపలికి రానివ్వని తాళం అది. షట్టర్ ఎత్తి పెట్టి పడుకోమనే సలహా మా ఇంట్లో ఎవరూ వినరు. నేనూ వినలేదు.

వారం గడిచింది. ల్యాప్‌టాప్ అమ్మినతను మా గల్లీలో నన్ను చూసి స్కూటర్ ఆపాడు.

"ఏందక్కా, నీ పెద్ద చిప్ లేసిందా?"

"మస్తు ఉషారుగున్నది."

"మరి చార్జర్ సంచిల ఏస్కొని తిరుగుతున్నవేంది?"

"నీ స్కూటర్‌కు స్టెప్నీ లేదా?"

"ఊకె ఎందుకు పరేషానైతవ్. గంటల విండోస్ ఏసిస్త. తగ్గిచ్చుకున్నయి ఇచ్చెయ్, సాలు."

"ల్యాప్‌టాప్ మూలకు వడ్డా మంచిదే, నీ విండోస్ ఎయ్య."

అది నా సిద్ధాంతమని చెప్పుకోవాలని ఉంది. సగం పిసినారితనం. మిగతా సగం మాత్రం మొండిగా నిజం. నేను కొన్న మిషన్‌లో ఏ చిప్ ఎప్పుడు పనిచేయాలో నేను చెప్పాలి. చేతకాక కాళ్లు పట్టుకునే రోజు వస్తే వస్తుంది, అది ఆ రోజు కాదు.

సేటుకు చెప్పినట్టు మిరుదొడ్డికి పోవడానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. మళ్లీ డ్రైవర్ వేస్తుంటే బాపు వచ్చి పక్కన కూర్చున్నాడు. నలభై ఏళ్లు స్టీలు సామాన్ల దుకాణం నడిపిన మనిషి. కంప్యూటర్ తెలియదు, ఎదుటివాడు చేసే తప్పు మాత్రం దూరం నుంచే తెలుస్తుంది. డ్రైవర్ ఎప్పటిలాగే ఒక పాస్‌వర్డ్ పెట్టమంది, పెట్టాను. మిషన్ ఆగి మళ్లీ మొదలైంది. ఎప్పటిలాగే నీలం తెర ఒకటి వచ్చింది. ఎప్పటిలాగే మొదటి వరుస నొక్కి దాన్ని దాటేశాను.

"ఏందది? ఏమడిగింది?" అన్నాడు బాపు.

"ఏదో తాళంచెవి చేర్పిస్తవా అంటది. నేనద్దంట."

"ఎన్నిసార్లడిగింది?"

"డ్రైవర్ ఏసినప్పుడల్లా."

"ఎందుకద్దంటున్నవ్?"

"నువ్వే గద జెప్పినవ్, సదవకుంట దేని మీద సంతకం వెట్టద్దని."

బాపు నా వైపు చూసిన చూపు, పదో తరగతి లెక్కల మార్కులు చూసినప్పటి చూపు.

"సదవకుంట వెట్టద్దన్న బిడ్డా. సదవద్దన్ననా?"

నేను నోరు తెరిచేలోపే మళ్లీ అందుకున్నాడు.

"మాలు పిలిపిచ్చింది నువ్వు. గేటు కాడ వాచ్‌మన్ ఈ లారీ నీదేనా అంటె కాదంటివి. మల్ల మాలు రాలే మాలు రాలే అని మొత్తుకుంటివి."

డ్రైవర్ మళ్లీ వేసి ఈసారి నీలం తెరను మొదటి నుంచి చివరిదాకా చదివాను. నేను వేస్తున్న డ్రైవర్‌ను ఆ సెక్యూర్ బూట్ తాళం లోపలికి రానివ్వడానికి నా మిషనే ఒక తాళంచెవి తయారు చేసింది. అది నాదేనని ఒక్కసారి ఒప్పుకోమంటోంది. సాక్ష్యంగా, కాసేపటి కింద నేనే పెట్టిన పాస్‌వర్డ్ అడుగుతోంది. ఇన్ని రోజులుగా నా సొంత సరుకునే నేను గేటు బయట నిలబెట్టాను. మహా గడుసుదాన్నని పేరు.

పాస్‌వర్డ్ కొట్టాను. పెద్ద చిప్ పలికింది. అది పిలిస్తేనే లేచేలా సెట్టింగ్ మార్చి, బొమ్మలు గీసే ప్రోగ్రామ్ ఒక్కటే దాని మీద నడిచేలా చేశాను. తెర మీద దుకాణం గిర్రున తిరిగింది. ప్రోగ్రామ్ మూయగానే ఫ్యాన్ చప్పుడు ఆగింది. బాపు అప్పటికే లేచి వెళ్లిపోయాడు.

మిరుదొడ్డిలో సేటు దుకాణానికి గోడలున్నాయి, పైన టార్పాలిన్ ఉంది. సిమెంటు బస్తాల మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఆయన వేలు ఎటు చూపితే అటు తిప్పాను. కౌంటర్ ఎడమకు పోయింది, నూనె డబ్బాల అర కిందికి దిగింది. మధ్యలో ప్రోగ్రామ్ మూసి కొలతలు రాసుకున్నాం, మళ్లీ తెరిచాను. గంటన్నర దాటింది.

"మొన్నొచ్చినోళ్లు ఫోన్‌ల ఈడియో జూపిచ్చి పోయిన్రు," అన్నాడు సేటు. "కౌంటర్ జరుపుమంటె, ఆఫీసుకు పోయినంక జరిపి పంపుతమన్నరు."

"నేను నీ ముంగటనే జరుపుతున్న గద."

"జరుపుతున్నవ్. పని నీకే. గని ఆళ్లకన్న తక్కువకు జెయ్యాలె."

బ్యాటరీ వైపు చూశాను. ఇంకా మూడో వంతు మిగిలి ఉంది. అంతకుముందు వారమైతే ఆ మాటకు తల ఊపేదాన్ని.

"చెయ్య సేటూ," అన్నాను. "ఆళ్లెంతకు చేస్తె నేనూ అంతకే."

సేటు తెర మీద వేలు పెట్టాడు. కౌంటర్‌ను మళ్లీ కుడివైపుకు జరపమన్నాడు. జరిపాను. రోడ్డు అవతలి హోటల్ వైపు రెండు వేళ్లు చూపించి, "రెండు చాయ్," అని కేకేశాడు. దుకాణదారు చాయ్ చెప్పాడంటే బేరం ఇప్పుడే మొదలైందని అర్థం. ల్యాప్‌టాప్ మూత వేయకుండా ఇంకో సిమెంటు బస్తా లాక్కుని కూర్చున్నాను.