పసుపు కింద గడ్డలు

మొవ్వ దగ్గర మా ఊళ్లో కొత్త ఆవు వస్తే ముందు ఒక పాత ఆవు పక్కన కడతారు. రెండూ ఒకే గోలెంలో కుడితి తాగితే కొత్తది బెంగ పెట్టుకోదని నమ్మకం. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

మా వీధిలో ఆవు ఉన్నది నాకొక్కదానికే, మిగతావాళ్లందరివీ గేదెలు. అందుకే ఎదురింటాయన, పశువుల బేరాలు చేసే మనిషి, ఎక్కడో కొన్న ఆవుని ట్రాలీలోంచి తిన్నగా మా పాక ముందు దింపాడు. అప్పటికే పక్క మండలాల్లో పశువులకి ముద్దచర్మం అనే అంటుజబ్బు ఉందని సంతలు ఆపేశారు. ఆ మాటే అడిగాను.

"అదేం మాట చెల్లెమ్మా! సంత ఆపకముందే బేరం అయిపోయింది. నాలుగు రోజులు నీ ఆవు పక్కన ఉంచమ్మా, మచ్చికవుతుంది" అన్నాడు.

దాని మెడ నుంచి తోక దాకా పసుపూ వేపాకూ నూరిన ముద్ద పట్టించి ఉంది. దిష్టి తగలకుండా రాశానన్నాడు. పసుపంటే శుభమే కదా అనుకున్నాను. తవుడు కలిపి రెండింటికీ నేనే కుడితి పెట్టాను. దాని చెవుల వెనక పిడుదులు గుత్తులుగా పట్టి ఉంటే జాలేసి, చేత్తో పీకి అక్కడే పారేశాను కూడా. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి!

నాలుగు రోజులయ్యాక తన ఆవుని తోలుకుపోయాడు. మూడో వారంలో నా ఆవుకి జ్వరం తగిలింది. ఏడో నెల చూడి. రెండు రోజుల్లో ఒళ్లంతా గడ్డలు లేచాయి.

పశువుల డాక్టరుగారు చూడగానే, "కొత్త పశువునేమన్నా పక్కన కట్టారా అమ్మా?" అన్నారు. "ఇది వైరస్సండీ. పిడుదులు, ఈగలు, దోమలు ఒకదాన్నుంచి ఇంకోదానికి మోస్తాయి. కొత్తదాన్ని నెల్లాళ్లు దూరంగా కట్టాలి. పీకిన పిడుదుల్ని కింద పారేయకూడదు, మళ్లీ ఎక్కుతాయి."

నేను అన్నీ తలకిందులుగా చేశాను. ఆయన ఊళ్లో మిగతా ఆవులకి టీకాలు వేయించారు, పాకల్లో మందు కొట్టించారు. ఎదురింటికీ వెళ్లారు. "మాకున్నవి గేదెలేనండీ, ఆ ఆవుని అమ్మేశాం" అని చెప్పి పంపేశాడు ఆ మహానుభావుడు. దాన్ని పొలంలో పాకలో దాచాడని తర్వాత తెలిసింది.

ఆరో రోజున నా ఆవు, కడుపులో దూడతో సహా, పోయింది. గోతిలో సున్నం, ఉప్పు పోసి పూడ్చాం. ఎదురింటాయన పరామర్శకి వచ్చి, "ఎవరి ఖర్మ వాళ్లది చెల్లెమ్మా" అన్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే అదే. నీ పాపం పండే రోజు నా కళ్లతో చూడకపోతానా అనుకున్నాను. అప్పట్నుంచి అతని గుమ్మం మీద ఒక కన్నేసి ఉంచాను.

పది రోజులు తిరక్కుండానే పండింది. పొద్దున్నే ఆ ఆవు అతని వాకిట్లో ఉంది, మళ్లీ ఒళ్లంతా పసుపుతో. దాన్ని కొనడానికి నందివాడ నుంచి ఒకావిడ ఆటోలో వచ్చింది, చేతిలో కొత్త పలుపు పట్టుకుని. "మా ఇంట్లో చూడావు ఉందండీ. దాని పక్కన కట్టేస్తే బెంగపడదు" అంటోంది.

ఆ మాట వినగానే నా కడుపు మండిపోయింది. ఆవిడ మీద జాలితో వెళ్లానని చెప్పను, అబద్ధం ఎందుకు? అతని మొహం మాడిపోవాలి, అది నేను చూడాలి. అంతే. బకెట్టు నిండా నీళ్లు, ఒక గడ్డిచుట్ట పట్టుకుని వీధి దాటాను. ఎవరూ ఆపేలోగా ఆవు వీపు మీద గుమ్మరించి మెడంతా రుద్దాను. పసుపు కారిపోయింది. కింద గడ్డలు, కొన్ని పుండ్లు పడినవి, కొన్ని చెక్కు కట్టినవి.

"చెల్లెమ్మా, నీకు దణ్ణం పెడతాను, నా పరువు తియ్యకు" అన్నాడు.

"నా ఆవుకీ పసుపు రాశానండీ అన్నయ్యగారూ, గోతిలోకి దింపే ముందు" అన్నాను.

నందివాడ ఆవిడ పలుపు చుట్టుకుని ఆటో ఎక్కేసింది. అతని ఎదురుగానే డాక్టరుగారికి ఫోన్ చేశాను. చుట్టూ జనం చేరారు. అతను తలెత్తలేదు. చల్లగా ఉందేమో, ఆ ఆవు మెడ చాచి నా చేతికి ఆనించింది. దాని మీద నాకేం కోపం? రెండో బకెట్టు తెచ్చి, వీధంతా చూసేలా మెల్లిగా, శుభ్రంగా కడిగాను.