మా ఇంట్లో ఇదే

చిక్కడపల్లి మెయిన్‌ రోడ్డు మీద మందుల షాపులకు కొదవ లేదు. అయినా అశోక్‌నగర్‌ గదుల్లో ఉండి గ్రూప్స్‌కు చదివే పిల్లల దగ్గర్నుంచి గాంధీనగర్‌ పెద్దవాళ్ల దాకా వెతుక్కుంటూ వచ్చేది ఒక్క షాపుకే. షాపు గొప్పతనం ఏమీ లేదు, కౌంటర్లో నిలబడే జగన్మోహన్‌ కోసం వస్తారు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన అక్కడే ఉన్నాడు. చదివింది ఇంటర్‌. గోడకు అద్దం కట్టి వేలాడదీసిన ఫార్మసీ సర్టిఫికెట్‌ ఇంకెవరిదో.

ఆయనకో అలవాటు. బలానికి ఏదైనా గోలీ ఇమ్మని ఎవరడిగినా, డబ్బా అందుకుని మొదట వెనక్కి తిప్పుతాడు. "ముంగట బొమ్మలుంటయ్‌ సార్‌, ఎనక నిజముంటది" అంటాడు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, డబ్బాను ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చిన్న అక్షరాలు చదువుతాడు. ఎన్ని పేర్లున్నాయని కాదట, ఏది ఎంత ఉందో చూడాలట. ఆ లెక్క ఒక గోలీకా రెండింటికా అన్నది కూడా చూడాలట. "గిన్ని పేర్లు రాసిండ్రంటే ఒక్కోటి చిటికెడు గూడ ఉండదమ్మా. మీకు డాక్టర్‌ చెప్పింది ఒక్కటే గద, గదొక్కటే తీస్కోండ్రి" అని అన్నిటికంటే చవకగా దొరికే మంచి రకం చేతిలో పెట్టేవాడు. ఏమీ అక్కర్లేని పిల్లలను, మెస్సులో ఇంకో గుడ్డు పెట్టించుకోమని ఉత్త చేతులతో పంపిన రోజులూ ఉన్నాయి. యజమాని శ్రీరామమూర్తి గారు అదంతా చూసి నవ్వి ఊరుకునేవారు.

ఎంత విడమరిచి చెప్పినా జనం చివరికి అడిగే ప్రశ్న ఒకటే. "అదంతా సరేనండీ, మీ ఇంట్లో ఏది వాడతారు?" మైక్రోగ్రాములు ఎవరికి కావాలి? మందులమ్మేవాడు పెళ్లానికి ఏది పెడుతున్నాడో తెలిస్తే చాలు, మనవాళ్లకు గుండె నిబ్బరం వచ్చేస్తుంది. జగన్మోహన్‌ ఆ ప్రశ్నకు ఒక్కనాడూ అబద్ధం చెప్పలేదు. వాడితే వాడుతున్నామనేవాడు, లేకపోతే లేదనేవాడు. ఆయన సంపాదించుకున్నదల్లా ఆ ఒక్క మాట మీద నమ్మకమే.

శ్రీరామమూర్తి గారు మోకాళ్లు పట్టేసి ఇంటికే పరిమితమయ్యాక కొడుకు ఫణికిరణ్‌ వచ్చి షాపులో కూర్చున్నాడు. కొన్నాళ్లకు ఒక గులాబీ రంగు డబ్బా తెచ్చాడు. షాపు పేరు మీదే ఎక్కడో తయారు చేయించాడు. దాని మీద నలభై రెండు పోషకాల పేర్లు, పక్కన పరుగెత్తే ఆడమనిషి బొమ్మ.

"డబ్బా చూసి ఎవరూ కొనరంకుల్‌, మీ మొహం చూసి కొంటారు. 'మా ఇంట్లో ఇదే' అని ఒక్క మాట అనండి, చాలు."

"మా ఇంట్ల వాడుతలేం గద బాబూ."

"వాడండి మరి! రెండు డబ్బాలు పట్టుకెళ్లండి, నేనేమైనా వద్దన్నానా?" ఫణికిరణ్‌ నవ్వుతూనే అన్నాడు. ఎదురుగా కొత్తగా తెరిచిన పెద్ద కంపెనీ షాపులో పనివాళ్లంతా పాతికేళ్ల వాళ్లేనని, ఎంత చురుగ్గా ఉన్నారోనని కూడా నవ్వుతూనే చెప్పాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషిని, సర్టిఫికెట్‌ లేనివాణ్ణి, ఇంకే షాపువాడు పెట్టుకుంటాడు? అలాగని అబద్ధమాడడానికి నోరు రాదు. నారాయణగూడలోని ఇంటికి నడుస్తూ దారి పొడుగునా జగన్మోహన్‌ ఇదే ఆలోచించాడు. చివరికి ఆయన బుర్రకు తట్టిన ఉపాయం వింటే ఒళ్లు మండుతుంది. అబద్ధం చెప్పకూడదు, సరే. దాన్ని నిజం చేసేస్తే పోలా?

భార్య లక్ష్మికి పదేళ్లుగా షుగర్‌. ఆ మందులు ఏళ్ల తరబడి వాడితే కొందరికి ఒంట్లో బీ12 పడిపోతుందని, ఆమెకు పడిపోయిందని, బషీర్‌బాగ్‌లో డాక్టర్‌ సుహాసిని రోజుకో ఎర్ర గోలీ రాసింది. పదిహేను వందల మైక్రోగ్రాములది. నాలుగు రకాలు వెనక్కి తిప్పి చదివి జగన్మోహనే ఎంచి తెచ్చిన గోలీ. ఆ సాయంత్రం గులాబీ డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"రేపటి సంది ఇది ఏస్కో లక్ష్మీ. ఆ ఎర్రగోలీ బంద్‌ చెయ్యి. బీ12 ఇండ్ల గూడ ఉన్నది."

"రెండు ఏస్కుంటే ఏమైతది?"

"రెండెందుకు? ఇదొక్కటి చాలు."

రెండూ వేసుకుంటే 'మా ఇంట్లో ఇదే' అన్న మాట సగమే నిజమవుతుంది కదా! ఆ మహానుభావుడి నిజాయితీకి సగం నిజం సరిపోలేదు. డబ్బా ముందువైపు బీ12 పేరు చూశాడు. వెనక్కి మాత్రం తిప్పలేదు. మర్చిపోయాడని ఎవరైనా అంటే నమ్మకండి. ఏముంటుందో తెలుసు కాబట్టే తిప్పలేదు. లక్ష్మి కూడా తిప్పలేదు. మొగుడు చదివి తెచ్చినదాన్ని మళ్లీ చదవాల్సిన అవసరం ఆమెకు ఏనాడూ రాలేదు.

మర్నాడు అశోక్‌నగర్‌ నుంచి కుసుమ గారు వచ్చారు. రిటైరైన లెక్కల టీచరు. గులాబీ డబ్బాను అటూ ఇటూ చూసి అలవాటుగా అడిగారు. "మీ ఇంట్లో ఏది వాడుతున్నారు జగన్మోహన్‌ గారూ?"

"మా ఇంట్ల ఇదేనమ్మా."

గొంతు తడబడలేదు. ఎందుకు తడబడుతుంది, నిజమే చెప్పాడాయె! ఆ మాట ఆ రోజు ఎంతమందికి చెప్పాడో ఆయనకే తెలియదు. ఇంటికి పోయి హాయిగా అన్నం తిన్నాడు.

ఏడాది తిరిగింది. లక్ష్మికి అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. "పాదాలు నావి గానట్లే ఉన్నయి" అనేది. "షుగర్‌కు గట్లనే ఉంటది, సాక్సులేస్కో" అనేవాడు. ఒకనాడు నారాయణగూడ మార్కెట్‌ నుంచి కూరగాయల సంచితో ఆమె ఒంటి చెప్పుతో ఇంటికొచ్చింది. రెండోది దారిలో ఎక్కడ జారిపోయిందో తెలియలేదట. వాకిట్లో నిలబడ్డ పక్కింటామె చూసి పకపకా నవ్వింది. లక్ష్మి కూడా నవ్వబోయి, తన కాలికేసి చూసుకుంది. పెంకు గీరుకుని మడమ నుంచి రక్తం కారుతోంది. నొప్పి లేదు. అప్పుడు భయం పట్టుకుంది.

డాక్టర్‌ సుహాసిని రక్తపరీక్ష కాగితం చూసి కళ్లజోడు తీసేసింది. "బీ12 ఇంతగా ఎలా పడిపోయింది? నేను రాసిన మాత్ర ఎవరు మానేయమన్నారు?"

లక్ష్మి ఒక్కసారి పక్కనున్న మొగుడి వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"నేనే మర్చిపోయిన డాక్టరమ్మా."

"మర్చిపోవడమేంటమ్మా? మీ ఆయన మందుల షాపులో ఉండి కూడా ఇలాగేనా? నరాలు దెబ్బతిన్నాయి. ఇంజెక్షన్లు మొదలుపెడదాం. కొంతవరకు తగ్గుతుంది. మొత్తం తగ్గుతుందని మాత్రం చెప్పలేను."

చేయని తప్పుకు భార్య చివాట్లు తింటుంటే ఆయన కాగితాలు సర్దుకుంటూ నిలబడ్డాడు. ఆ ఒక్క నిమిషం నోరు తెరిచి ఉంటే ఆయన మీద కాస్త జాలిపడేవాళ్లం. తెరవలేదు.

మర్నాడు షాపుకు వెళ్లగానే గులాబీ డబ్బా తీసి వెనక్కి తిప్పాడు. కళ్లజోడు పైకి నెట్టి చదివాడు. బీ12, ఒక్క మైక్రోగ్రాము. అదీ రెండు గోలీలకు.

ఆ వారంలోనే కుసుమ గారు మళ్లీ వచ్చారు. తనకో డబ్బా, గాంధీనగర్‌లో ఉండే చెల్లెలికో డబ్బా కావాలన్నారు.

"వద్దమ్మా" అన్నాడు జగన్మోహన్‌ గొంతు తగ్గించి. "ఇండ్ల ఏం లేదు. మా ఇంట్ల బంద్‌ చేసినం."

"అదేంటండీ? మీ ఇంట్లో ఇదే అని మీరేగా చెప్పారు? అంటే నాతో అబద్ధమాడారా?"

"అబద్ధం గాదమ్మా. నిజంగనే వాడినం. మా ఆమెకు కాళ్లు మొద్దువారినయి."

కుసుమ గారు ఆయన మొహంలోకి చూశారు. "అంటే, నాకు అమ్మడానికని ఆవిడకి పెట్టారా?" అన్నారు. ఆవిడ డబ్బాను కౌంటర్‌ మీదే వదిలేసి రోడ్డు దాటి ఎదురు షాపులోకి వెళ్లారు.

ఫణికిరణ్‌ అన్నీ విన్నాడు. ఒక్క మాటా పరుషంగా అనలేదు. "మీకు ఆరోగ్యం బాగున్నట్టు లేదంకుల్‌, ఇక లోపల కూర్చోండి" అన్నాడు. ఇప్పుడు జగన్మోహన్‌ వెనక గదిలో గడువు తీరిన మందులు ఏరి అట్టపెట్టెల్లో సర్దుతుంటాడు. కౌంటర్‌ మీద, ఆయన నిలబడే చోట, ఒక బోర్డు వెలిసింది. నవ్వుతున్న భార్యాభర్తల ఫొటో. కింద పెద్ద అక్షరాలు: 'మా ఇంట్లో ఇదే! మరి మీ ఇంట్లో?' డబ్బాలు బాగానే పోతున్నాయి. ఆయన లేకపోయినా ఆయన మాట అమ్ముడుపోతోంది.

ఇంజెక్షన్లు అయిపోయాక డాక్టర్‌ మళ్లీ ఎర్ర గోలీలే రాసింది. జగన్మోహన్‌ ఒకటికి రెండుసార్లు చదివి, తేదీ చూసి తెచ్చాడు. లక్ష్మి మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. మంచినీళ్ల గ్లాసు, గోలీల షీటు ఆమె చేతికిచ్చాడు.

ఆమె గ్లాసు పక్కన పెట్టేసింది.

"జర నా అద్దాలు ఇటియ్యుండ్రి."

ఇచ్చాడు. పెట్టుకుని, షీటును వెనక్కి తిప్పింది. పదో తరగతి నాటి ఇంగ్లిషుతో, వెండి రేకు మీది అక్షరాల కింద వేలు పెట్టి, ఒక్కొక్కటే కూడబలుక్కోసాగింది.

"నేను చదివిన లక్ష్మీ. మంచిదే."

"ఊ" అంది ఆమె. వేలు తీయలేదు. చివరి అక్షరం దాకా చదివాకే గోలీ మింగింది.