వదిన కత్తి, తాతయ్య సానరాయి

నా చిన్నప్పుడు పాకాలలో మా ఇంట్లో ఎండాకాలమంటే మామిడి ఒరుగులే. పుల్లటి కాయల్ని పల్చగా కోసి, ఉప్పు పట్టించి, మిద్దె మీద ఎండబెట్టి ఏడాదంతా పులుసుల్లో వాడుకునేవాళ్లం. ఆ ఏటి మొదటి కాయ కొత్త కోడలు కొయ్యాలని మా ఇంటి ఆచారం. ఆ ఏడు వంతు మా వదినది. సత్యవేడు నుంచి అప్పుడప్పుడే కాపురానికొచ్చిన పిల్ల. మాటలో కాస్త అరవ యాస, ఆ మాట కూడా అడిగితేనే బయటికొచ్చేది.

అందరూ చుట్టూ కూర్చున్నాక వదిన తన పెట్టెలోంచి ఒక కత్తి తీసింది. ఎవర్‌సిల్వర్ కత్తి, అదే స్టీలుది! మొహం చూసుకోవచ్చు దాంట్లో. మేమంతా కమ్మరి కొట్టిచ్చిన నల్ల ఇనపకత్తితో పెరిగిన వాళ్లం కదా, నోరు తెరుచుకుని చూశాం. సారె సామాన్లతో పాటు వాళ్లమ్మ ముచ్చటపడి పెట్టిందట.

మా కత్తిని ఎలా నూరుతామో వదిన చూసే ఉంది. అలాగే పెరట్లో గుడ్డలుతికే బండ మీద గబగబా నాలుగు రుద్దులు రుద్ది, కాయ మీద పెట్టింది. కత్తి తొక్క మీద జారిపోయింది. ఇంకాస్త నొక్కితే కాయ నలిగింది గానీ తెగలేదు.

మా మేనత్త నోరు ఊరుకునే రకం కాదు. “మెరుపు తప్పితే ఏముండాది దీంట్లో? అటక మీద పారెయ్. కత్తి కొనేది గూడా తెలీదు పాపం వాళ్లమ్మకు” అనేసింది. అందరూ ఘొల్లున నవ్వారు. తననంటే వదిన పడేదేమో, కానీ అన్నది వాళ్లమ్మను. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. అత్త మీద నాకెంత ఒళ్లు మండిందో చెప్పలేను.

అప్పుడు మా తాతయ్య లోపలికెళ్లి తన సానరాయి తెచ్చాడు. గడ్డం కత్తి నూరుకునే నున్నటి రాయి అది. దాన్ని ముట్టుకుంటే మా నాయనకే తిట్లు తప్పేవి కావు. అలాంటిది తీసుకొచ్చి వదిన ముందర పెట్టాడు.

“అమ్మణ్ణీ, నేనొక కత చెప్తా. అది అయిందాకా చెయ్యి ఆపగూడదు. ఈపక్క కొంచేపు, ఆపక్క కొంచేపు, నీళ్లు చల్లుకుంటా రుద్దాల.”

పాకాల స్టేషన్లో ఒక గాడిద టికెట్టు లేకుండా కాట్పాడి రైలెక్కిందట. టికెట్లడిగే ఆయన వస్తే ఆయన చేతిలో ఉన్నవన్నీ నమిలేసిందట. నవ్వుకుంటూనే వదిన రుద్దుతోంది. తాతయ్య మధ్యమధ్యలో కత్తి తీసుకుని అంచును బొటనవేలితో అడ్డంగా తడిమి చూసేవాడు. పదును చాలదనిపించినప్పుడల్లా దారిలో ఇంకో స్టేషన్ పుట్టుకొచ్చేది. చివరికి అత్త కూడా దగ్గరికి జరిగి, “ఇంతకీ దిగిందా లేదా నాయనా?” అంది.

“యాడ దిగతాది, ఇంకా చిత్తూరే రాలేదు” అన్నాడాయన.

గాడిద కాట్పాడిలో దిగేసరికి వదిన చేతులు నొప్పెట్టే ఉంటాయి. కత్తి కాయ మీద పెట్టింది. చప్పుడైనా లేకుండా తమలపాకంత పల్చటి ముక్క పళ్లెంలో పడింది. “కాట్పాడి వచ్చేసింది తాతా!” అని వదిన కేక పెట్టింది. అంత గట్టిగా ఆమె మాట్లాడటం అదే మొదలు.

తాతయ్య అత్త వైపు తిరిగాడు. “మన నల్లకత్తి మెత్తన. బిరీన పదునెక్కతాది, బిరీన పోతాది. ఈ ఉక్కు రాయికి అంత సుళువుగా లొంగదు. మనమే తొందరపడి పనికిరాదనేస్తే ఎట్ల?”

ఆ రోజు నల్లకత్తిని బండకు మళ్లీ మళ్లీ తీసుకెళ్లాల్సి వచ్చింది. వదిన కత్తికి ఆ అవసరమే రాలేదు. పైగా పులుపు తగిలి నల్లకత్తి కోసిన ముక్కలకు నల్లటి మరకలు పడితే, వదిన కోసినవి తెల్లగా ఉన్నాయి. సాయంత్రం అత్తే వచ్చి, “రేపు ఒకసారి నాకియ్యవే నీ కత్తి. మీ అమ్మ మంచిదే చూసి కొనుండాది” అంది. వదిన మొహం చూడాలి అప్పుడు!

ఇప్పుడు నేనే అవ్వనయ్యాను. ఎక్కాలు ఒంటబట్టడం లేదని మా మనవడి మీద వాళ్ల నాన్న విసుక్కుంటే, పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని గాడిదను రైలెక్కిస్తాను. ఎక్కానికొక స్టేషన్. తప్పు చెప్తే ఇంకొకటి కలుపుతాను.

“కాట్పాడి ఎప్పుడొస్తాదవ్వా?” అని వాడి గోల.

“వస్తాదిలే నాయనా, నువ్వు చెప్తా ఉండు” అంటాను.