వార్డు తలుపు మీద పరుగు అక్షరాలు

మా వీధిలో ఆయన్ని అందరూ పరుగు మేస్త్రి అంటారు. మనిషి నడకకి తాబేలే నయం. పరుగంతా ఆయన రాసే బోర్డుల్లోని అక్షరాలది. లావుగా, నున్నగా, ఏ సొగసూ లేకుండా, కదిలిపోతున్న బస్సు అందుకోబోయేవాళ్లలా అన్నీ ముందుకు వాలి ఉంటాయి. టైర్ల దుకాణానికైనా, చెప్పుల కొట్టుకైనా అదే రాత. వీధి చివర నిలబడి చదువుకోవచ్చు. ఆయనకి మరో రాత రాదన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కనుక.

కూతురు ఆసుపత్రిలో నర్సు. ఇక నయం కాదని తేలిన రోగులుండే వార్డు బాధ్యత ఆమెకి కొత్తగా అప్పగించారు. తలుపుకి "మెల్లగా మాట్లాడండి" అని బోర్డు కావాలంటే, "నేను రాయించుకొస్తాను" అని గొప్పగా చెప్పి వచ్చింది. మేస్త్రి పొంగిపోయాడు. ముందు అట్టముక్క మీద నిటారుగా రాయబోయాడు. ఒక్క అక్షరమూ కుదురుగా నిలబడలేదు. కూతురి వార్డుకి వంకర రాతా అనుకుని, చేతికొచ్చిన రాతే, ఎర్రరంగులో, నల్లటి నీడ పెట్టి మరీ రాశాడు.

మర్నాడు తనే తీసుకెళ్లి, కూతురు పక్కన నిలబడి చూస్తుండగా తలుపుకి బిగిస్తుంటే పెద్ద డాక్టరు అటుగా వచ్చాడు. లోపల ఎవరో సన్నగా మూలుగుతున్నారు. బయట బోర్డేమో మెల్లగా మాట్లాడమని గొంతు చించుకుని అరుస్తోంది.

"ఏంటమ్మా ఇది, లోపల డిస్కౌంట్ సేల్ పెట్టారా? ఎవరు రాశారు?" అన్నాడు డాక్టరు.

బెంచీ మీద కూర్చున్న రోగుల బంధువులు నవ్వారు. "బజార్లో ఎవరో రాశారు సార్. నాకు తెలీదు," అంది కూతురు తల దించుకుని.

డాక్టరు మేస్త్రి వైపు తిరిగాడు. "నువ్వేనా?"

మేస్త్రి కూతురి ముఖం చూశాడు. ఎర్రరంగు అంటిన గోళ్లు అరచేతిలోకి ముడుచుకున్నాడు. "కాదండీ. నేను బిగించడానికి వచ్చినవాణ్ణి. తీసెయ్యమంటే తీసేస్తాను."

తీసేశాడు. ఆ మూలుగుతున్న మనిషి మంచం పక్కన నిలబడి తానే కేకలు పెట్టినట్టనిపించి, సిగ్గుతో కుంచించుకుపోయాడు. అక్షరాలు ఎవరికీ కనబడకుండా బోర్డుని చొక్కాకి ఆనించుకుని, పెద్దవీధి వదిలి సందుల్లోంచి ఇల్లు చేరాడు.

సాయంత్రం ఆయన పెరట్లో కిరసనాయిలు గుడ్డతో గోళ్లు రుద్దుకుంటుంటే కూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"నాన్నా, నాకు సిగ్గేసి అలా అనేశాను. నువ్వెందుకు కాదన్నావు?"

"నువ్వు తెలీదన్నాక నేను నాదేనంటే, అందరి ముందూ నీ మాట పోదూ?"

ఆమె ఏడుస్తూ గుడ్డ కోసం చేయి చాపింది. ఆయన ఇవ్వలేదు. "వద్దమ్మా, నీ చేతులకి వాసన పట్టేస్తుంది, రేపు డ్యూటీకి వెళ్లాలి," అని ఇంకో గోరు రుద్దుకోసాగాడు.