సలోమికి నవ్వు నేర్పిన ఏడాది

కరోనా తర్వాత బళ్లు మళ్లీ గాడిన పడ్డ ఏడాది జనవరిలో, నన్ను చిలకలూరిపేట దగ్గర ఒక దివ్యాంగ బాలికల వసతి గృహానికి డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను జిల్లా ఆసుపత్రిలో సీనియర్ క్లినికల్ సైకాలజిస్టుని. నవ్వుల చికిత్స వల్ల ఆ పిల్లల స్వీయభావన, అంటే తమ గురించి తమకున్న అభిప్రాయం, మారుతుందేమో చూడాలి. ముందు ఒక ప్రశ్నావళి, తర్వాత కొన్ని వారాల సెషన్లు, చివర మళ్లీ అదే ప్రశ్నావళి. సెషన్‌లో చప్పట్లు, లోతైన శ్వాస, ఆపైన కారణం లేకుండానే నవ్వడం. తెచ్చిపెట్టుకున్న నవ్వే కాసేపటికి అసలు నవ్వవుతుందని ఆ పద్ధతిలో నమ్మకం.

మొదటి రోజే సలోమి అడ్డం తిరిగింది. పదో తరగతి పిల్ల. పుట్టుకతోనే కాళ్లు రెండూ బిగుసుకుపోయి, చంకకర్రల మీద నడిచేది. తల్లి మార్తమ్మ మిరప కోతలకు వెళ్లే కూలీ.

"మా ఊరి బళ్లో అందరూ నన్ను చూసి నవ్వేవాళ్లు మేడమ్. ఇప్పుడు నేను కూడా నవ్వాలా?" అంది.

ఒకరి కళ్లలోకి ఒకరు చూస్తూ నవ్వడం ఆ పద్ధతిలో ముఖ్యం. దాన్ని పక్కనపెట్టి, కళ్లు మూసుకుని నవ్వమన్నాను. చాలా రోజులు మూతి బిగించుకునే కూర్చుంది. ఒకసారి మాత్రం, వార్డెన్ కుక్కను అదిలించే తీరు అచ్చు దింపినట్టు చేసి చూపించింది. గది గదంతా విరగబడి నవ్వింది. అందరూ తనవైపే చూస్తున్నా ఆ పిల్ల తల దించుకోలేదు.

చివరి ప్రశ్నావళిలో అందరికన్నా ఎక్కువ మార్పు ఆమెలోనే కనిపించింది. ఇంటర్ చదువుతానని, టీచర్నవుతానని చెప్పడం మొదలుపెట్టింది.

పది పాసయ్యాక, మార్తమ్మ అడిగితే వాళ్లతో కాలేజీకి నేనూ వెళ్లాను. ప్రిన్సిపాల్ మర్యాదస్తుడు. మార్కులు చూసి మెచ్చుకున్నాడు. తరగతులు రెండో అంతస్తులో. లిఫ్టు లేదు, ర్యాంపు లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం సంగతి ఎత్తి, కింది గది ఇమ్మని అడిగాను.

"చట్టం నాకూ తెలుసండి. కింద ఉన్నవన్నీ ల్యాబులు. రోజూ పైకి ఎవరు మోస్తారో మీరే చెప్పండి," అన్నాడు.

"నేనెక్కుతాను సార్," అంది సలోమి.

మెట్ల మొదటి మలుపు దగ్గర పడిపోయింది. పైనుంచి దిగుతున్న పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సలోమి కూడా నవ్వింది. నేను నేర్పిన నవ్వే. కళ్లు మూసుకుని, పెద్దగా. ఎంతకీ ఆపలేదు. మార్తమ్మ ఆమె నోటికి కొంగు అడ్డుపెట్టి, "ఇక చాలమ్మా, ఊరుకో," అంటూ లేపింది.

పై అధికారులకు చెప్పి చూశాను. ఏమీ కదల్లేదు. దూరవిద్యలో చేర్పిస్తానంటే సలోమి వద్దంది. మరుసటి వేసవిలో వాళ్ల ఊరు వెళితే, రేకుల షెడ్డు కింద ఆడవాళ్ల మధ్య కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఘాటుకి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"కూర్చుని చేసే పనే కదండీ మేడమ్," అంది. చదువు ఊసెత్తితే మాట మార్చింది.

నివేదికలో ఆమె ఫలితం విజయంగానే నమోదైంది. అందులో అబద్ధం లేదు. స్వీయభావన మనిషి లోపల ఉంటుందని మాకు చదువులో చెప్పారు. అందులో సగం ఆ మనిషి అడుగుపెట్టాల్సిన చోట ఉంటుందని నాకు ఆ కాలేజీలో తెలిసింది. మిగిలిన సర్వీసులో, ఒక పిల్ల తర్వాత చేరబోయే చోటు చూడకుండా ఆ చికిత్స మొదలుపెట్టలేదు. అలా చూశాక, చాలామందికి మొదలుపెట్టనే లేదు.