అమ్మ గీకేసిన నాచు

నాన్న పోయాక అమ్మను బతిమాలి బామాలి మలేసియా కొండల్లో, కామెరాన్ హైలాండ్స్‌లో నేనుండే ఇంటికి తెచ్చుకున్నాను. మనిషైతే వచ్చింది గానీ, ఆమె సంచీ మాత్రం తలుపు దగ్గరే ఉండిపోయింది. ఒక్క చీర కూడా బీరువాలోకి ఎక్కలేదు. కింద మైదానంలో, బటాంగ్ బెర్జుంటై ఎండలో పుట్టి పెరిగిన మనిషికి ఈ కొండల చలి, తడి ఏవీ గిట్టలేదు.

"ఈ సలిలో నానుండలేను. ఆదివారం బస్సెక్కించీ లా," అనేది, ఈ దేశంలో అందరిలాగే మాట చివర 'లా' తగిలించి.

ఏదో ఒక సాకు చెప్పి ఆ ఆదివారాన్ని దాటించేదాన్ని. ఆమె ఉండిపోవాలని నా ఆశ.

మా వంటింటి వెనకే అడవి మొదలవుతుంది. ఓక్ చెట్లు, దాల్చినచెక్క జాతి చెట్లు కలగలిసిన చల్లటి అడవి. మానుల నిండా, కొమ్మల నిండా నాచే. మొదటి చెట్టు కొమ్మ కింద నేనొక డ్రమ్ము పెట్టుకున్నాను. వాన లేకపోయినా సరే, పొగమంచు పడితే చాలు, నాచు దాన్ని తాగి బొట్టుబొట్టుగా డ్రమ్ములోకి వదిలేది. మా కూర మొక్కలకు ఆ నీళ్లే.

ఒకరోజు నేను బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చేసరికి ఆ చెట్టు నున్నగా ఉంది. అమ్మ చేతిలో కత్తి, కాళ్ల దగ్గర నాచు కుప్ప.

"ఏటమ్మా ఇది?"

"సెట్టుకి జబ్బు సేసింది. గీకీసినాను. మాను సుబ్బరంగా ఉంటేనే గదా పాలు కారతాయి!"

వయసంతా రబ్బరు తోటలో పాలు గీసిన చెయ్యి మరి. నాకు ఒళ్లు మండింది. కానీ వచ్చిన తర్వాత ఆమె మొహంలో కళ చూడటం అదే మొదలు. కత్తి అందుకుని కడిగి లోపల పెట్టాను.

మర్నాడు పొద్దున పొగమంచు కమ్మింది. పక్క చెట్లన్నీ కారుతున్నాయి. మా డ్రమ్ములో చుక్క పడలేదు. అమ్మ ఆ కొమ్మ కింద అరచెయ్యి పట్టి చాలాసేపు నిలబడింది. తర్వాత పక్క చెట్టు నాచును మెల్లగా నొక్కింది. నీళ్లు మణికట్టు దాకా కారాయి.

"ఓలమ్మో! నీల్లన్నీ ఇందులోనే ఉన్నాయే!"

గబగబా లోపలికెళ్లి సంచీ విప్పింది. పాత చీర తీసి పీలికలుగా చింపింది. గీకిన నాచంతా ఏరుకొచ్చి, తడిపి, మళ్లీ చెట్టుకు కట్టు కట్టింది.

"అతుక్కుంటాదంటావా?"

"అతుక్కుంటాదమ్మా. కానీ శానా మెల్లిగా."

"అయితే అందాకా దీన్ని ఎవులు సూస్తారు? నానెలా ఎల్తాను?"

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ కట్లు సరిచూసి వస్తుంది. ఆదివారం మాట ఎత్తడం లేదు. నాచు మహా బద్ధకంగా పెరుగుతుంది. ఆ బద్ధకానికి నేను రోజూ దండం పెట్టుకుంటున్నాను.