దెల్మీరా పెద్దమ్మ భయం

స్పెయిన్‌లో సిల్ నది మీద మా కొండ ఎంత నిటారంటే, ద్రాక్ష కోసేటప్పుడు బుట్ట చేయి జారితే ఏటి ఒడ్డుకు వెళ్లి ఏరుకోవాలి. ఆ రాతిమెట్ల మీద దెల్మీరా పెద్దమ్మ నెత్తిన బుట్టతో పరుగెత్తేది. ఆమెకు కొండంటే భయం లేదు. వైను పులియబెట్టే కొట్టంటేనే భయం.

ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాన్న పిప్పి తోడడానికి తొట్టిలో దిగి పడిపోయాడు. తీయడానికి దిగిన చిన్నాన్నా ప్రాణాలతో పైకి రాలేదు. రసం పులిసేటప్పుడు లేచే చెడుగాలి కంటికి కనిపించదు. బరువుగా అడుగున కూర్చుని రెండు ఊపిర్లలో మనిషిని పడగొడుతుంది. ఇద్దరినీ వాకిట్లో పక్కపక్కన పడుకోబెడితే, ఆ పిల్ల వాళ్ల బూట్లకు అంటుకున్న తొక్కలు ఒక్కొక్కటే తీసిందట.

పెదనాన్న ఆర్షిమీరోను చేసుకుని మా ఇంటికొచ్చాక కూడా ఆమె కొట్టు గడప దాటలేదు. ఆయన లోపలుంటే బయట నిలబడి అయిదు నిమిషాలకోసారి పిలిచేది. "మీ ఆవిడ హాజరు వేస్తోందిరా, పలుకు" అని దారిన పోయేవాళ్లు ఎకసెక్కాలాడేవారు. వైను చేసే ఇంటికి కోడలై వచ్చి వైనుకు జడవడమేమిటని మా నానమ్మ ఎరుందీనా విసుక్కునేది.

పెదనాన్న వైనుకు మంచి పేరుండేది. మా నేలలో తరాలుగా ఉన్న ద్రాక్షలు నాలుగు. కలిపేటప్పుడు ఎక్కువ భాగం మెన్సియా. రంగుకు సౌసోన్, పులుపుకు కైన్యో, వాసనకు బ్రాన్సెల్యావ్. విడివిడిగా పులియబెట్టి, ఏ ఏడు ఏది ఎంత కలపాలో నాలుకతో తేల్చేవాడు. ఎక్కడా రాసుకోలేదు.

పందొమ్మిది వందల డెబ్బై నాలుగు అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆయన సౌసోన్ తొట్టిలోంచి వైను దింపేసి, పిప్పి తోడడానికి నిచ్చెన వేసుకుని దిగాడు. నిన్నటి నుంచీ కొట్టు తలుపులు తీసే ఉన్నాయి, భయం లేదని చెప్పి మరీ దిగాడు. పెద్దమ్మ బయట కూర్చుని చెస్ట్‌నట్లు వలుస్తూ పిలిచింది. పలికాడు. రెండోసారీ పలికాడు. మూడోసారి పార చప్పుడు కూడా లేదు.

ఆమె కేక విని ఒదీలో అనే మా నాన్న పరుగెత్తుకొచ్చాడు. పెదనాన్నకు తమ్ముడు, అప్పటికి ఇరవై నాలుగేళ్లు. నేనింకా పుట్టలేదు. అతను నిచ్చెన ఎక్కబోతే ఆమె గడప దాటి వచ్చి నడుం పట్టేసుకుంది.

"వదులు వదినా, అన్న లోపలున్నాడు."

"నువ్వూ దిగితే ఇద్దరుంటారు. నా కళ్ల ముందే ఇద్దరు పోయారు, ఒదీలో. రెండోవాణ్ణి దిగనియ్యను. ముందు తొట్టి కింది తలుపు పగలగొట్టు."

గుమ్మంలో నిలబడి నానమ్మ, నా కొడుకును చంపుతోందని ఏడుస్తోంది. అయినా పెద్దమ్మ పట్టు సడలలేదని నాన్న చెప్పేవాడు. సుత్తితో గడియ ఊడగొడితే తొట్టి అడుగు తలుపులోంచి పిప్పి భళ్లున బయటపడింది; చెడుగాలీ దారి చూసుకుంది, కానీ మనిషి దూరేంత సందు కాదది. అప్పుడామె అతని నడుముకు మోకు కట్టి, బయటే ఊపిరి నింపుకోమని, లోపల పీల్చొద్దని, ఇరవై లెక్కపెట్టి తానే లాగేస్తానని చెప్పింది. మొదటిసారి ఉత్త చేతులతో వచ్చాడు. రెండోసారి అన్న చంకల కింద ఇంకో మోకు వేయగలిగాడు. అప్పటికి ఇరుగుపొరుగు చేరారు. తల కింది తలుపు పక్కనే ఉండబట్టి కాబోలు, నీలంగా మారిన ఆ మనిషికి వాకిట్లో ఊపిరి తిరిగింది.

పెదనాన్న ఆ తర్వాత పందొమ్మిదేళ్లు బతికాడు. కానీ మాటలు జారిపోయేవి. ఏ తీగ ఏదో గుర్తుండేది కాదు. వెనిగర్ నోట్లో పోసినా "బాగుంది" అని నవ్వేవాడు. వెంటనే దిగనిచ్చి ఉంటే కొడుకు నిండు మనిషిగా దక్కేవాడని నానమ్మ కోడలితో మాటలు మానేసింది. అది నిజమో కాదో ఎవరికీ తెలియదు. పెద్దమ్మకూ తెలియదు. కొట్టు భయానికి ఆమెకు ఆ సందేహమూ తోడైంది.

నాలుగు రకాల వైనూ కలపకుండా అలాగే ఉండిపోయింది. మా నాన్నకు ఆ నాలుక లేదు. వసంతంలో ఒక ఉదయం పెద్దమ్మ తన నడుముకు మోకు కట్టుకుని, రెండో కొస నాన్న చేతికిచ్చి, రుచి చూసి కలపడానికి గరిటె పట్టుకుని కొట్టులోకి నడిచింది. వెళ్లింది తొట్టిలోకి కాదు, తొట్ల పక్కకే. అయినా ఎవరూ నవ్వలేదు. ఆ ఏడు కైన్యో ఎక్కువై వైను పుల్లగా వచ్చింది. రెండో ఏడూ అంతంతమాత్రమే.

మూడో ఏడు ఒక ఆదివారం భోజనాల దగ్గర నానమ్మ గిన్నెడు తాగింది. గిన్నె కోడలి వైపు జరిపింది.

"ఇంకొంచెం పొయ్యి."

పెద్దమ్మ పోసింది, కాస్త బల్ల మీద ఒలికింది.

నాకు ఊహ తెలిశాక ఆమె వెంట నేనే వెళ్లేదాన్ని. గుమ్మం దగ్గర ముఖం పాలిపోయేది. గోడ చాటుకు వెళ్లి వాంతి చేసుకుని, నోరు కడుక్కుని లోపలికి వెళ్లేది. ఇన్నేళ్లయినా తగ్గలేదా అని ఒకసారి అడిగాను. "లేదే" అంది, సౌసోన్ చుక్క నాలుక మీద పెట్టుకుని. డెబ్బై ఒక్కేళ్ల వయసులో కూడా అంతే.